గుడ్ ఫ్రైడే దాహం

కొత్త కుండలో నీళ్ళు పోస్తుంటే, ఆ మట్టివాసనకు ఇవాళ నా చిన్నప్పటి గుడ్ ఫ్రైడే ఒకటి గుర్తొచ్చింది.

మాదన్నపేటలో అమ్మ పోయిన ఏడాది అది. చర్చి ఆరాధనలో పాస్టరయ్యగారు, క్రీస్తుతో శ్రమపడినవాళ్ళే ఆయన మహిమకు వారసులన్నారు. శ్రమపడకపోతే పరలోక మహిమలో ఉన్న అమ్మ దగ్గరికి నన్ను రానివ్వరేమోనని భయపడ్డాను. అందరూ ఉపవాసం విడిచినా నేను చుక్క నీరు ముట్టలేదు. సాయంత్రానికి కళ్ళు తిరిగి పడిపోయాను.

ఏడుస్తూ సంగతి చెబితే, కొత్త కుండలో నీళ్ళు ముంచి అందిస్తూ నానమ్మ కసిరింది. "ఏంది బిడ్డా గిట్ల? కష్టం చేస్తే కూలి ఇస్తరు. ఆస్తి గట్ల కాదు, బిడ్డవని ఇస్తరు. తాగు! నువ్వు తాగకుంటే నాకు గొంతు దిగుతదా?"

అప్పుడు చూశాను, ఆమె పెదవులూ ఎండి పగిలున్నాయి.

ఈ రాత్రి నా పాపకు జ్వరం. ఆనాటి నానమ్మలాగే నాకూ అన్నం గొంతు దిగలేదు. ఉపవాసమని మాత్రం అనుకోలేదు.