పదకొండు ఊపిర్లు, కళ్లు తెరిచే

షిఫ్టు బెల్లుకు కాస్త ముందు సోమలింగం షెడ్డు గుమ్మం పక్కన బాబిన్ల డబ్బా ఒకటి బోర్లించుకుని కూర్చుంటాడు. చెప్పులు విడిచి, కుడి అరచేయి బొడ్డు మీద ఆనించి, పదకొండు సార్లు నిదానంగా ఊపిరి తీసి వదులుతాడు. లోపల మరమగ్గాలు దడదడలాడుతూనే ఉంటాయి. కళ్లు మాత్రం మూయడు. ఎదుటి టీ బండినీ, ఆటోల్లోంచి దిగే మనుషులనూ చూస్తూనే లెక్కపెట్టుకుంటాడు. కొత్తగా చేరినవాళ్లు చూసి నవ్వుతారు. పాతవాళ్లు నవ్వరు.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి అతను సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇల్లు లింబాయత్‌లో, పని బమ్రోలిలో. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచ అంటారు. ఆ పాత షెడ్డులో ఆరు సాంచాలను పగలు అతను నడిపితే రాత్రి పరమేశ్ నడిపేవాడు. వారం తిరగ్గానే షిఫ్టులు మారేవి. పరమేశ్‌కు ముడి వేయడం నుంచి అన్నీ నేర్పింది సోమలింగమే. వరుసకు ఏమీ కాకపోయినా ఆ కుర్రాడు అతన్ని "కాకా" అనే పిలిచేవాడు.

నాలుగేళ్ల కింద షెడ్డు యజమాని సేఠు ఊరి బయట పల్సానాలో కొత్త మిషన్లు పెట్టించాడు. అక్కడ పగటి షిఫ్టు ఒక్కటే. పాత షెడ్డు నుంచి ఒక్కడినే తీసుకుంటామన్నారు. అప్పటికే సోమలింగానికి బీపీ ముదిరింది. పగటి పూట పడుకుంటే కన్ను అంటుకునేది కాదు. రాత్రి పని మానకపోతే మందులు పనిచేయవని డాక్టర్ చెప్పేశాడు. ఆ ఒక్క చోటు కోసం అతను పడ్డ ఆశ ఇంతా అంతా కాదు. పోటీలో మిగిలింది తనూ పరమేశూ.

పనిలో సోమలింగానికి వంక పెట్టడానికి లేదు. ఒక్కటే లోపం. ఎవరైనా పక్కన నిలబడి చూస్తే అతని చేతులు వణుకుతాయి. ఆ నెలంతా షెడ్డు పని చూసే గణపతి మాస్టర్ నోటుబుక్కు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఒక మంగళవారం సాయంత్రం, షిఫ్టు అయిపోవస్తుండగా, నాలుగో సాంచ మీద నిలువు పోగు ఒకటి తెగింది. అడ్డపోగు తెగితే సాంచ తనంతట తనే ఆగుతుంది. నిలువు పోగు తెగితే ఆగదు, మనిషే చూసి ఆపాలి. సోమలింగం చూశాడు, ఆపాడు. తెగిన కొసను సూదిబెజ్జమంత కన్నంలో దూర్చబోయాడు. మాస్టర్ చూపు మెడ మీద పడుతోంది. ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది, మూడోసారి వేళ్లు అసలు మాట వినలేదు. మాస్టర్ అటు తిరగగానే కొసను పక్కకు చుట్టేసి సాంచ నడిపేశాడు. రాత్రి షిఫ్టుకు పరమేశ్ వచ్చాడు. అతనికి ఆ మాట చెప్పలేదు.

మర్నాడు గుడ్డ విప్పి చూస్తే పొడవునా సన్నటి చార. సాంచ మీంచి గుడ్డ కోసి తీసింది రాత్రి షిఫ్టులో కాబట్టి దాని మీద పరమేశ్ నంబరుంది.

"ఇది ముందు నుంచే వస్తున్నట్టుంది మాస్టర్," అన్నాడు పరమేశ్.

మాస్టర్ సోమలింగం వైపు తిరిగాడు. "ఏందన్నా, నీ షిఫ్టుల ఎట్లుండె?"

"నా షిఫ్టుల మంచిగనే ఉండె."

అంతే. నాలుగే నాలుగు ముక్కలు. పరమేశ్ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. తర్వాత తల ఊపాడు. "కాక అన్నడంటె నిజమే మాస్టర్. నేనే సూడలేదు కావచ్చు."

తిట్టి ఉంటే సోమలింగం ఎదురు తిట్టేవాడు. ఆ కుర్రాడు నమ్మాడు. పల్సానా లిస్టులోంచి వాడి పేరు కొట్టేశారు.

ఆ ఆదివారం, సాంచాలు బందున్న పూట, పనివాళ్లకు టెన్షన్ తగ్గాలని సేఠు ఒక యోగా టీచరమ్మను పిలిపించాడు. గుడ్డలు మడత పెట్టే హాల్లో అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని నిశ్శబ్దాన్ని వినమంది ఆమె. పద్దెనిమిదేళ్లుగా సోమలింగానికి చప్పుడు ఆగడమంటే ఒక్కటే అర్థం. నిమిషం గడిచిందో లేదో ఉలిక్కిపడి లేచాడు. "ఆగింది! పోగు తెగింది!" అని అరుస్తూ, లేని సాంచ కోసం చేతులతో గాలిలో వెతికాడు. హాలంతా ఘొల్లుమంది.

"కూసో కాకా, ఇయ్యాల అన్ని బందే," అంటూ చేయి పట్టి కూర్చోబెట్టింది పరమేశే. ఆ తర్వాత చెవి దగ్గర మెల్లగా అన్నాడు: "నేను కండ్ల దవాఖానకు పోయొచ్చిన కాకా. డాక్టర్ ఏం లేదంటుండు. ఇంకో డాక్టర్‌కు సూపిచ్చుకుంట. అంత పెద్ద చార కనవడలేదంటె ఏదో ఉన్నట్టే గదా."

సోమలింగం ఆ పూట అన్నం సగంలో వదిలి లేచాడు. అందరూ నవ్వినందుకే అనుకుంది భార్య సుభాషిణి. ఆమె ఇంట్లో చీరల దారాలు కత్తిరించే పని చేస్తుంది. వీధిలో ఆడవాళ్లకు పెట్టిన యోగా క్లాసుకు ఏడాదిగా పోతోంది.

"సప్పుడు లేకుంటె భయమైతె సప్పుడు కాడనే కూసో. ఎవలద్దన్నరు?" అంది. "కడుపు మీద చెయ్యి పెట్టు. పీల్చేది జర తక్కువ, ఇడిచేది జర ఎక్కువ. పదకొండు సార్లు."

"గాలి పీల్సుడు గూడ నువ్వే నేర్పిస్తవా?"

"మరి నీకు రాకపాయె. ఏంజెయ్యాలె?"

అప్పటి నుంచే షెడ్డు గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలైంది. దడదడల మధ్య ఊపిరి కుదిరింది. రెండు వారాలకు మెడ బిగువు వదిలింది. పోగు తెగినప్పుడు ముందు ఊపిరి వదిలి, తర్వాత చేయి చాపడం అలవాటైంది. లోపల ఆ నాలుగు ముక్కలు అలాగే ఉండగా చేతులు మాత్రం నిలకడగా ఎలా ఉన్నాయో అతనికే అర్థం కాలేదు. ఊపిరి మనిషి మంచీ చెడూ అడగదని తెలిసి ఇంకా సిగ్గుపడ్డాడు.

నెలాఖరున సేఠే వచ్చి పక్కన నిలబడ్డాడు. పోగు తెగింది. సోమలింగం ఊపిరి వదిలి, ఒక్కసారికే కన్నంలో దూర్చాడు. సేఠు భుజం తట్టాడు. పల్సానా ఖాయమైంది.

"అన్నా, ఆ ఊపిరి కథేందో అందరికీ చూపియ్యి," అన్నాడు మాస్టర్. "ఆదివారం నువ్వే ముంగట కూసో."

ఆదివారం అదే హాలు. నవ్విన వాళ్లంతా బుద్ధిగా కూర్చున్నారు. కడుపు మీద చేయి పెట్టమని, కళ్లు మూయమని చెప్పాడు సోమలింగం. తను మూయలేదు. ముందు వరుసలో పరమేశ్ ఉన్నాడు. కొత్త కళ్లద్దాలు తీసి జాగ్రత్తగా మోకాలి పక్కన పెట్టుకుని, గురువు చెప్పినట్టే అరచేయి బొడ్డు మీద ఆనించి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఊపిరి తీయండి అనబోయాడు సోమలింగం. గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"ఆ పోగు నేనే ఇడిసిపెట్టిన. పరమేశ్‌ది గాదు తప్పు. మాస్టర్ అడిగితె అవద్దం చెప్పిన."

ఇదీ పాఠంలో భాగమే అనుకుని వెనక ఎవరో ఇంకా బుసబుసా గాలి పీలుస్తూనే ఉన్నారు. పరమేశ్ కళ్లు తెరిచాడు. అద్దాలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇద్దరు డాక్టర్లు ఏం లేదన్నరు," అన్నాడు. "నేనే నమ్మలే. బజార్ల కొనుక్కొచ్చుకున్న." అద్దాలు మడిచాడు. "నీ మాట నమ్మి, నా కండ్లను నమ్మలే."

కాకా అనలేదు. అద్దాలను చాప మీదే వదిలి బయటికి వెళ్లిపోయాడు.

సంగతి ఇంటికి అతని కన్నా ముందే చేరింది. సుభాషిణి చేతిలో కత్తెర ఆపకుండానే అడిగింది: "నేన్నీకు ఊపిరి నేర్పింది దీనికా?" సోమలింగం గడపలో చెప్పులు విడిచాడు. చెప్పేశాక బరువు దిగుతుందని ఎక్కడో విన్నాడు. దిగలేదు. మొన్నటిదాకా తనకొక్కడికే తెలిసిన సిగ్గు ఇప్పుడు షెడ్డంతటికీ తెలుసు, అంతే తేడా.

ఆ కళ్లద్దాలు ఇప్పటికీ అతని టిఫిన్ సంచిలోనే ఉన్నాయి. ఇవ్వబోతే పరమేశ్ తీసుకోలేదు.

పరమేశ్ పల్సానాలో కొత్త మిషన్లు నడుపుతున్నాడు. సోమలింగం బమ్రోలి పాత షెడ్డులో అవే ఆరు సాంచాల మీద, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పనిచేస్తున్నాడు.