ఆఖరి కిక్‌కి ముందే లేచిన మనిషి

"నీకు ముందే తెలుసు. వాడు కిక్ కొట్టకముందే తెలుసు."

"టీ పెడదామని లేచాన్రా. అది కూడా తప్పేనా?"

"ఇన్నేళ్లలో ఆఖరి కిక్‌కి ఎప్పుడన్నా లేచావా? చెప్పు."

నేను మెట్ల మీదే ఆగిపోయాను. కింద హాల్లో పోట్లాడుకుంటున్నది మా ఇంటి ఓనరు దివాకర్ అంకుల్, ఆయన స్నేహితుడు ఆంజనేయప్రసాద్ అంకుల్. ఇద్దరికీ అరవై దగ్గరపడుతోంది. ఇద్దరి ఒంటి మీదా పొట్ట దగ్గర బిగుసుకుపోయిన నీలం రగ్బీ జెర్సీలు. టీవీలో మ్యాచ్ అయిపోయింది. వీళ్ల జట్టుకి ఆఖర్లో పెనాల్టీ దొరికింది, బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఆ బంతి గాల్లో ఉండగా ప్రసాద్ అంకుల్ వంటింట్లో టీ గిన్నె కడుగుతున్నాడు. గొడవంతా దాని గురించే.

నేను చదువు మధ్యలో మానేసి, ఫుడ్ డెలివరీ చేసుకుంటూ అమెరికాలో, రెడ్‌మండ్‌లో వీళ్ల పైగదిలో అద్దెకి ఉంటున్నాను. మొదట్లో వీళ్లని చూస్తే పిచ్చోళ్లనిపించేది. కుర్రతనంలో న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లో ఒకే గదిలో ఉండి చదువుకున్నారట. అప్పుడు పట్టుకున్న జట్టుని ఇప్పటికీ వదల్లేదు. అక్కడ శనివారం సాయంత్రం ఆడితే మనకిక్కడ శుక్రవారం అర్ధరాత్రి అవుతుంది. అందుకని రికార్డ్ చేసుకుని శనివారం పొద్దున చూస్తారు. అప్పటిదాకా స్కోరు చెవిన పడకూడదు. గుమ్మంలోనే ఫోన్లు బియ్యం డబ్బాలోకి వెళ్లిపోతాయి, అద్దెకుండే నా ఫోన్ కూడా. దివాకర్ అంకుల్ భార్య త్రివేణి ఆంటీ ఆ పూట పుట్టింటివాళ్ల ఫోన్ కూడా ఎత్తదు. ఉప్మా హాఫ్‌టైమ్‌లోనే తినాలి. ఆఖరి కిక్ అయితే ఇద్దరూ లేచి ఒకళ్ల భుజం మీద ఒకళ్లు చెయ్యేసుకుని నిలబడాలి.

ఆ చెయ్యి ఆ రోజు లేదు. ప్రసాద్ అంకుల్ తన ఫోన్ తీసుకుని, ఇక రానని చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం దివాకర్ అంకుల్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకు ఆ ఆట అర్థం కాదు, నచ్చదు కూడా. అదే చెప్పాను. అయినా బంతి ముందుకి ఎందుకు విసరకూడదో మూడుసార్లు వివరించాడు. హాఫ్‌టైమ్‌కి ఉప్మా పెట్టించుకుని ముట్టుకోలేదు. రెండో సగం పెట్టనే లేదు, టీవీ కట్టేసి పెరట్లోకి పోయి గడ్డి కోశాడు. అది అంతకుముందు రోజే కోసిన గడ్డి. ఒళ్లు మండిపోయింది నాకు. టీ కోసం ఇంత రభసేంటో తేల్చుకుందామని ప్రసాద్ అంకుల్ ఇంటికి వెళ్లాను.

ఆయన ముందు నన్ను కసిరాడు. తర్వాత గరాజ్‌లో కుర్చీ వేసి, దివాకర్‌కి చెప్పనంటేనే చెప్తానన్నాడు. సరేనన్నాను. రెండేళ్ల క్రితం గుండెకి స్టెంట్ వేశారు. అది అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే, అప్పట్నుంచి ఆట చివర్లో స్కోర్లు దగ్గర పడితే ఆయనకి ఛాతీ పట్టేస్తోంది. అందుకని ప్రతి శనివారం కార్లోనే స్కోరు చూసుకుని, ఫోన్ డబ్బాలో పడేసి, ఏమీ తెలియనట్టు కూర్చుంటున్నాడు. ఆ రోజు ఓడిపోయారని తెలుసు కనుక, దివాకర్ భుజం మీద చెయ్యేసి ఆశపడినట్టు నటించలేకపోయాడు.

చెప్పేస్తే పోయేదిగా అన్నాను.

"చెప్తే వాడు మ్యాచులే మానేస్తాడు, నా కోసం. వాడికి వారమంతా ఉన్నది అదొక్కటే కదయ్యా."

నేను మాట నిలబెట్టుకోలేదు. ఇంటికి రాగానే చెప్పేశాను. ఇద్దరు ముసలాళ్ల మధ్య నేనెందుకు నలగాలి? దివాకర్ అంకుల్ మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయనకి ఇంకా కోపం వచ్చింది. "పోయినేడు ఫైనల్ గెలిచినప్పుడు వాడు నన్ను పట్టుకుని ఏడ్చాడు, అది కూడా నటనేనా?" అని నన్ను నిలదీశాడు. నాకేం తెలుసు? "రెండేళ్లుగా వాడు పక్కన కూర్చున్నా నేనొక్కణ్ణే చూశానన్నమాట" అని గొణుక్కుంటూ తిరిగాడు. వారమంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

శుక్రవారం సాయంత్రం పైకి నా గదికి వచ్చాడు, ఎప్పుడూ రాని మనిషి. ప్రసాద్‌కి ఫోన్ చేశానని, టీ గురించి గొడవపడటం తనదే తప్పని చెప్పానని, రేపు వస్తానన్నాడని చెప్పాడు. తర్వాత తలుపు దగ్గరగా వేశాడు.

"కౌశిక్, నువ్వు నాకేమీ చెప్పలేదు. సరేనా? దొరికిపోయాడుగా, సిగ్గుపడి రేపు స్కోరు చూసుకోకుండా వచ్చేస్తాడు. నువ్వు పొద్దున్నే లేచి స్కోరు చూడు. వాడు కారు దిగేలోపే వెళ్లి వాడికి చెప్పెయ్. నాకు మాత్రం నీ మొహంలో కూడా కనపడనీయకు."