మిగిలిన ఒక్క ఏవండీ

మా మేడమీద అద్దెకున్న అమ్మాయిని న్యూరోసైకాలజీ పరిశోధనలోకి పంపింది నేనేనని ఏలూరులో చాలామందికి చెప్పాను. అవన్నీ కోతలే. నేనిచ్చింది గది, అప్పుడప్పుడు కాఫీ.

పక్షవాతం వచ్చాక మా ఆవిడకి మాటలన్నీ పోయి ఒక్క ‘ఏవండీ’ మిగిలింది. “అన్నీ మరిచిపోయినా నన్ను మరవలేదండీ!” అని పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ గొప్పలు పోయేవాణ్ణి. రానురాను వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నా గొప్పలు వినడానికి ఆ అమ్మాయే మిగిలింది.

ఆమెది కొల్లేటి లంక గ్రామం. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చేసి, ఇక్కడ సైకాలజీలో ఎమ్మెస్సీ చదువుతూ, ఏదైనా స్కూల్లో కౌన్సెలర్ ఉద్యోగం దొరికితే చాలనుకునేది. ఓ సాయంత్రం బొమ్మల కార్డులు తెచ్చి మా ఆవిడకి చూపించింది. గొడుగు చూసి “ఏవండీ” అంది మా ఆవిడ. చేపని చూసీ “ఏవండీ” అంది.

“చూశావా, అన్నిట్లోనూ నేనే కనిపిస్తున్నాను.”

“చేపలో కూడానాండీ, తాతగారూ?”

మా ఆవిడ నవ్వింది.

ఆ తరవాత ఆ అమ్మాయి రోజూ వచ్చి ఫోనులో వీడియోలు తీసుకునేది. “గొడుగుకి ఒక రాగం, చేపకి ఇంకో రాగం ఉందండీ. మామ్మగారికి మాటలు పోయాయి గానీ చెప్పాలనుకున్నవి పోలేదు. అన్నీ ఆ ఒక్క మాటతోనే చెబుతున్నారు.”

“అయితే నన్ను పిలవడం లేదన్నమాట!”

“మిమ్మల్నీ పిలుస్తారండీ. అన్నిసార్లూ కాదు.”

నాకు ఒళ్ళు మండింది. కొన్నాళ్ళు కాఫీ ఇవ్వడం మానేశాను. ఆ పిల్ల మాత్రం ఉద్యోగం మాటే మానేసింది. మెదడు దెబ్బతిన్నా ఒక్కో మాట ఎలా మిగులుతుందో తెలుసుకోవాలని బెంగళూరులో పరిశోధనకి సీటు తెచ్చుకుంది.

వెళ్ళేముందు ఫోను తెర నాకు కనపడకుండా తిప్పి, ఆ పిలుపులన్నీ వినిపించింది. “ఇందులో మిమ్మల్ని పిలిచింది ఏదండీ?”

“పెళ్ళైనప్పటినుంచీ వింటున్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను,” అని గట్టిగా ఉన్నదాన్ని ఎంచాను.

“అది పాలు పొంగినప్పుడండీ.”

ఇంకోటి ఎంచాను. అది ఫ్యాను ఆపమని.

చివరికి తనే వినిపించింది. చాలా చిన్న గొంతు, మాట సగంలోనే ఆగిపోయింది. ఆవేళ నేను పక్కగదిలో టీవీ చూస్తూ పలకలేదు. వీడియోలో ఆ టీవీ మోత కూడా ఉంది.

మేడమీద గది ఖాళీగా ఉంది. ఇప్పుడు ఆవిడ మంచం పక్కనే కూర్చుంటున్నాను. ఇవాళ చిన్న గొంతుతో “ఏవండీ” అంది. ఇదే నాదనుకుని, “ఆఁ, ఇక్కడే ఉన్నానే,” అన్నాను.

ఆవిడ కిటికీ వెయ్యమని చెయ్యి చూపించింది.