ఆపరేటరు తట్టిన కిటికీ

రాయగడ సినిమా హాల్లో నేను ఊడ్చేదాన్ని. అక్కడ సినిమా వేసే ఆపరేటరు ఒకాయన ఉండేవారు. ఏ పాటలో బోసా నోవా అని ఆయన చెప్పే దరువు వినిపించినా, పై గది కిటికీని రెండుసార్లు తట్టేవారు.

"ఇన్నావేటి అమ్మీ? బ్రెజిల్ దరువు మళ్లీ మన సినిమాలోకి వచ్చీసింది!"

"నాకేటి తెలుస్తాది బాబూ? నా సీపురిని అడగండి, సెప్తాది."

నవ్వేవారు. ఒక్క పాటైనా తనతో కూర్చుని వినమనేవారు. రేపు వింటాననేదాన్ని. ఒకరోజు హాలు మూసేశారు. ఆయన ఎటు వెళ్లారో ఎవరూ చెప్పలేదు.

ఈ వయసులో అక్షరాలు నేర్చుకుని, ఫోనులో బోసా నోవా అని రాశాను. ఎన్ని పాటలో! ఆ మెత్తటి దరువును ఇప్పుడు టీవీ సినిమాల్లోనూ గుర్తుపడతాను. వెంటనే గోడను రెండుసార్లు తడతాను.

"ఏటి పిన్నీ?" అంటుంది పక్కింటి అమ్మాయి.

"ఏటీ నేదమ్మీ," అంటాను.