లాగకూడని దారం

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి మా గల్లీలో సాంచెలు, అదే బట్ట నేసే మరమగ్గాలు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అవి ఆడుతున్నంతసేపూ ఇంట్లో పక్కనున్న మనిషి దగ్గినా వినపడదు. ఆ నిశ్శబ్దంలో మంచం కింద నుంచి పొడిగా గుటకలు వేస్తున్న చప్పుడు వచ్చింది. వంగి చూశాను. పిల్లి మెడ చాచి, రాని వాంతి కోసం ఒళ్లంతా కుదించుకుంటోంది. పొద్దున పోసిన పాలు గిన్నెలో మీగడ కట్టి అలాగే ఉన్నాయి. దాని నోటి పక్క నుంచి ఎర్రటి దారం బెత్తెడు వేలాడుతోంది. మేము నేసే తువ్వాళ్ల అంచు దారం. మా అత్తమ్మను కేకేశాను.

అది మా అమ్మ పిల్లి. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే అది ఆమె మోకాలికి ఆనుకుని పడుకునేది. "బిడ్డా, ఇటు రా" అని అమ్మ పిలిస్తే నేనూ అదీ ఇద్దరం తలెత్తేవాళ్లం. అమ్మ పోయి మూడేళ్లు. ఆమె గది ఖాళీ చేసిన రోజు తునికాకు బుట్టలోనే దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. నా పిల్లలకు అమ్మమ్మ గుర్తు లేదు. ఈ ఇంట్లో ఆమె గొంతు ఎరిగినవాళ్లం నేనూ ఆ పిల్లీ మాత్రమే.

మా అత్తమ్మ వచ్చి చూసింది. దారం వేలాడితే చెయ్యి దానంతటదే పోతుంది మా వాళ్లకు. చిక్కు తీయడానికో, ముడి వేయడానికో. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుంది.

"అత్తమ్మా, ఆగుండ్రి!"

"దారమే గదనే! నలభై ఏండ్ల సంది దీంతోనే బతుకుతున్న, నాకు తెల్వదా?" అంటూ గుంజింది. పిల్లి అరిచిన అరుపుకు పిల్లలిద్దరూ వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చారు. అత్తమ్మ దారం వదిలేసి గోడకు ఆనుకుంది.

పశువుల సర్కారు దవాఖానాకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మెడికల్ షాపతను ఇచ్చిన నంబరుకు చేస్తే, ఆ డాక్టర్ బర్రెలు, మేకలు మాత్రమే చూస్తానన్నాడు. ఆయనే ఇంకొక డాక్టరమ్మ నంబరు చెప్పాడు, హోట్గి రోడ్ వైపు. ఆమెకు చేస్తే, నేను మాట ముగించకముందే ఈ ఊరి భాష మరాఠీలో అంది. "దారమా? లాగకండి. ఏమీ తినిపించకండి. వెంటనే తీసుకురండి."

పిల్లలను అత్తమ్మకు అప్పగించి, పిల్లిని తువ్వాలలో చుట్టి ఆ తునికాకు బుట్టలోనే పెట్టాను. కొంతం చౌక్‌లో ఆటో దొరికింది.

"బుట్టల ఏముందక్కా, కోడా?"

"పిల్లి. దవాఖానాకు."

"వారెవ్వా! నాకు జరమొస్తె మా ఆడామె గోలీ గూడ తేదు" అని నవ్వాడు. వెనక్కి తిరిగి నా ముఖం చూశాక గుంతలు తప్పిస్తూ తోలాడు.

డాక్టరమ్మ దాని నోరు తెరిచి నాకు చూపించింది. దారం నాలుక కిందుగా మెలిక పడి లోపలికి పోయింది. ఎక్స్‌రే తీసింది.

"మీ ఇంట్లో బట్ట నేస్తారు కదా. బట్టలో ఒక్క పోగు పట్టి లాగితే ఏమవుతుంది?"

"కుచ్చులు పడుతుంది."

"దీని పేగు అలా అయింది. ఇంకా లాగితే దారం పేగును కోసేస్తుంది. ఆపరేషన్ చేసే తీయాలి."

పడుగు, పేక మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. ఎంతవుతుందో అడగాలంటే మాత్రం నోరు రాలేదు. ప్రాణానికి ధర అడిగినట్టు ఉంటుందేమోనని. నా తడబాటు ఆమెకు అర్థమైంది.

"అడగండి. అడగనివాళ్లే తర్వాత జంతువును ఇక్కడ వదిలేసి పోతారు."

విడివిడిగా చెప్పింది. చూసినందుకు ఇంత, సెలవు రోజు కాబట్టి దానిపై కొంత, ఎక్స్‌రేకు ఇంత. ఆపరేషన్ అంటే మత్తు, కుట్లు, సెలైన్, రెండు మూడు రాత్రులు ఇక్కడే ఉంచడం. సర్కారు దవాఖానాలో చాలా తక్కువకే అవుతుందట, కానీ అది తెరిచేదాకా పిల్లి తాళదు. సగం ఇప్పుడు కట్టి మిగతాది తర్వాత ఇవ్వవచ్చంది. అంతా కలిపితే పిల్లలిద్దరి స్కూలు ఫీజంత. "చేసినా బతుకుతుందని మాట ఇవ్వలేను" అని కూడా చెప్పింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. బయటికి పోయినవాడు అప్పటికి ఇంటికి చేరాడు. మొత్తం విని, ఎంతని మళ్లీ అడిగాడు. నాకు కోపం రాలేదు. నేనూ అదే లెక్క వేస్తున్నాను. అంతలో అత్తమ్మ ఫోన్ లాక్కున్నట్టుంది.

"చెయ్యుమను. నేను గుంజిన గద దాన్ని" అంది. ఆగి, "మీ అమ్మ పిల్లి" అంది.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు దాని చెవి దగ్గర వంగి, "బిడ్డా" అన్నాను. అమ్మలా అనడం నాకు రాలేదు. అయినా దాని చెవి కదిలింది. ఆ ఒక్క పిలుపు వినడానికి నేను కూడా ఎన్నాళ్లుగా చెవి ఒగ్గి ఉన్నానో అక్కడ బల్ల మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆపరేషన్ అయ్యాక దాన్ని అక్కడే ఉంచి రాత్రి ఇంటికి వచ్చాను. తెల్లారి డాక్టరమ్మ ఫోన్ చేసింది. పిల్లి కళ్లు తెరిచింది, ఇంకా ఏమీ తినలేదు, చూడాలి అంది. నేను వెనక్కి తిరిగేసరికి పిల్లలు పక్కల మీద లేచి కూర్చుని ఉన్నారు. అత్తమ్మ నేల మీద వంగి, సాంచె కింది దారపు ముక్కలు ఒక్కొక్కటే ఏరుతోంది.

"బతికే ఉంది" అని చెప్పాను. "ఇంటికొస్తదో లేదో రెండు రోజులైతేగాని తెల్వది. సాయంత్రం పోయి చూద్దాం. ఎప్పుడన్న దాని నోట్ల దారం కనిపిస్తె గుంజకుండ్రి, నన్ను పిలువుండ్రి."

చిన్నది అడిగింది. "మేం పిలిస్తె మా దిక్కు చూస్తదా అమ్మా? ఏమని పిలువాలె?"

"మీ అమ్మమ్మ దాన్ని బిడ్డా అనేది. మీరు గూడ అట్లనే పిలువుండ్రి."