చామంతికి కొట్టిన మందు

ధర్మవరంలో మా ఇంటి ముందు చామంతి పొద ఉండేది. ఏళ్ల తరబడి పిలకలు విడదీసి నాటకపోవడంతో అది ఒత్తుగా పెరిగి నడుమ ఎండిపోయింది. గాలి ఆడక అడుగు ఆకులు నల్లబడ్డాయి. ఆ ఏడు మొగ్గల కిందంతా పేనుబంక పట్టింది. అయినా అమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టేముందు ఉన్న పూలే కోసి మాల కట్టేది. చేతుల్లో దారం ఉంటుంది కాబట్టి, కట్టబోయే పువ్వును పెదాల మధ్య పట్టుకునేది.

ఒక మధ్యాహ్నం నేను హిందూపురంలో ఆఫీసులో ఉండగా పక్కింటాయన ఫోన్ చేశాడు.

"అక్కా, మా చెట్లకు పురుగుల మందు కొడతా మీ చామంతికీ కొట్టేసినా. మీ అమ్మకు చెప్పేది మర్చిపోయినా. పూలు ముట్టుకోవద్దని చెప్పండి."

"నువ్వు యాడుండావప్పా?"

"అందరం కొత్తచెరువు ఊర్లో పెండ్లికి వచ్చినామక్కా."

అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఎదురింటివాళ్లకు చేశాను. వాళ్లూ ఎత్తలేదు; మగ్గం మీద కూర్చుంటే ఆ చప్పుడులో ఏమీ వినపడదు. దొరికిన రైలెక్కాను. పెనుకొండలో సిగ్నల్ ఇవ్వక బండి ఆగిపోయింది. కిటికీలోంచి ఎండ వాలడం చూస్తూ కూర్చున్నాను. అమ్మ నేలమీద పడి ఉన్నట్టు, ఆమె నోట్లో పసుపు రేకులు ఉన్నట్టు మాటిమాటికీ కనిపించింది.

స్టేషన్ నుంచి ఆటోలో ఇంటికి వెళ్లేసరికి అమ్మ గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో సగం కట్టిన మాల.

"అమ్మా, పూలు నోట్లో పెట్టుకుంటివా?"

"పెట్టుకోకుండా ఎట్ల కట్టేది? ఏమో, తల తిరుగుతాంది. కడుపులో తిప్పుతాంది."

మాల లాగి పారేసి, నోరు కడిగించి, అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిలోనే వాంతి చేసుకుంది. పక్కింటాయనకు ఫోన్ చేసి మందు పేరు కనుక్కుని డాక్టరుకు చెప్పాను. లోపలికి పోయింది కొంచెమేనని, ప్రాణానికేమీ కాదని డాక్టరు చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు.

మరునాడు ఇంటికి పంపారు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి అమ్మ నిద్రపోయింది. దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగులుతోందా అని చూస్తూనే ఉన్నాను.