గంజి పెట్టిన జపాను డ్రెస్సు

చిన్న సంగతే. టీ చల్లారేలోపు అయిపోతుంది. జాతరలో స్టేజీ మీదికి ఒక ఎనుము, అదే గేదె, ఎక్కింది. ఎక్కించింది నేను. అంతే.

కానీ ముందు మా రాజమ్మ ఉతుకుడు గురించి చెప్పకపోతే మీకు అర్థం కాదు. రాజమ్మ మా పక్కింటామె. ఆమె బట్టలు ఉతికితే, ఉతికినట్టు ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడను. ఉన్నది చెబుతాను. మా ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా నాకు వాళ్లే వచ్చి చెబుతారు. చెప్పకపోతే నేనే వెళ్లి చెప్పేదాకా కూర్చుంటాను. అలా తిరిగినదాన్ని కాబట్టి అంటున్నాను, తెల్లబట్ట ఉతకడం మా ఊళ్లో నా ఒక్కదానికే వచ్చు. నీలిమందు రెండు చుక్కలు, అన్నం వార్చిన గంజి చిక్కగా, ఆపైన బొగ్గుల ఇస్త్రీపెట్టె. మా ఆయన వీధిలోకి వస్తున్నాడంటే ముందు పంచె వస్తుంది, వెనకాల ఆయన వస్తాడు.

సరే, కథ. మా ఊళ్లోకి ఎస్టీడీ బూత్ వచ్చిన కొత్తల్లో జరిగింది. చిత్తూరు నుంచి మాకు బస్సులో ముప్పావుగంట. నా తమ్ముడు మునిరత్నం అప్పుడే మద్రాసు నుంచి తిరిగి వచ్చాడు. వీడు చిన్నప్పుడు కోడిపుంజు తరిమితే గడ్డివామి ఎక్కి సాయంత్రం దాకా దిగనివాడు. మద్రాసులో నాలుగేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి, ఐకిడో అనే జపాను విద్య నేర్చుకుని వచ్చాడు. ఊరంతా దాన్ని కరాటే అనే అంది.

"కరాటే కాదప్పా, ఇది వేరే. దీంట్లో మనం కొట్టేది ఉండదు. మీదికొచ్చినోడి బలంతోనే వాణ్ణి పడగొట్టేది" అనేవాడు.

"అంటే నువ్వు ఏ పనీ చెయ్యవు. అది నీకు ముందునుంచే వచ్చు కదా" అన్నాడు మా ఆయన.

వాడి దగ్గర ఏడుగురు ఆడపిల్లలు చేరారు. అందులో మా అమ్మాయి భవాని ఒకతి, తొమ్మిదో తరగతి. హైస్కూలు నుంచి సైకిలు మీద మామిడితోపులు దాటి రావాలి. దారిలో ఎవడైనా అడ్డం వస్తే సైకిలు దిగి ఏడ్చే పిల్ల, మూడు నెలల్లో సైకిలు దిగి నిలబడి చూసే పిల్ల అయింది. నాకు అది చాలు. చిక్కేమిటంటే, వీళ్లు నేర్చుకునేది మా మామిడికాయల షెడ్డులో. సీజను వచ్చేసరికి షెడ్డు నిండా కాయలు. ఇక మిగిలింది స్కూలు హాలు. దాని తాళం స్కూలు కమిటీ ప్రెసిడెంటు చెంగల్రాయ నాయుడుగారి చేతిలో ఉంది.

నాయుడుగారు మంచివారే. ఏ పనికైనా ముందు వద్దంటారు, అంతే.

"ఆడబిడ్డలు కదప్పా మునిరత్నం! ఎగిరి కిందపడి చెయ్యో కాలో ఇరగ్గొట్టుకుంటే వాళ్ల అమ్మానాయనలకి నేనేం చెప్పేది?" అన్నారు.

"పడేది ఎట్లనో అదే ముందు నేర్పిస్తాం సార్."

"పడేదానికి కూడా నేర్చుకోవాల్నా? సరే. జాతరలో కల్చరల్ ప్రోగ్రాములు ఉండాయి కదా, ఆడ చేసి చూపించు. చూసినాక చెప్తా. బాగుంటే హాలు ఇస్తా. బాగలేకపోతే ఇంగ ఆ మాట నా దగ్గర ఎత్తగూడదు."

మునిరత్నం ఊరుకోకుండా మద్రాసు వెళ్లి ఒక జపాను ఆయనను పిలుచుకొచ్చాడు. వాడి గురువుకు గురువట. పేరు తనాకా. సన్నగా, పొట్టిగా, తెల్ల గడ్డంతో ఉన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. వంగి నమస్కారం పెడితే నేనూ వంగాను. ఆయన ఇంకొంచెం వంగాడు. నేనూ వంగాను. ఇలా ఎంతసేపు సాగేదో తెలియదు, భవాని వచ్చి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

చిత్తూరులో బస్సెక్కినప్పుడు ఆయన బ్యాగు టాపు మీద వేశారట. పక్కనే ఎవరిదో మామిడిపండ్ల గంప. దారంతా గుంతలు, మీకు తెలిసిందే. ఇంటికొచ్చి బ్యాగు తెరిస్తే లోపల డ్రెస్సు బట్ట మాదిరి లేదు, రసంలో పిసికిన అన్నం మాదిరి ఉంది. ఉన్నది ఆ ఒక్క జతే. ఒక తెల్లకోటు, కింద వేసుకునే నల్లటి వెడల్పాటిది ఒకటి. దాన్ని హకామా అంటారట. నా కంటికి అది లంగాయే. పైకి అనలేదు, రాజమ్మతో మాత్రం అన్నాను.

"అక్కా, ఊరికే నీళ్లలో జాడించి ఆరెయ్. ఇంగేం చెయ్యొద్దు" అన్నాడు తమ్ముడు.

ఊరికే జాడించడమా! జపాను నుంచి వచ్చిన మనిషికి, నా ఇంట్లో, రాజమ్మ ఉతుకుడా? మామిడి మరక పోయేదాకా బండకేసి బాదాను. నీలిమందు వేశాను. జాతర రోజు పొద్దున ఇంట్లో వార్చిన గంజి ఒక్క చుక్క ఎనుముకు పోయకుండా అంతా ఆ రెండు బట్టలకే పట్టించాను. ఎండలో వేస్తే మధ్యాహ్నానికి రేకు మాదిరి తయారయ్యాయి. ఇస్త్రీ చేయబోతే ఆ హకామా నిండా మడతలు. ఒకటి కాదు, ముందు ఐదు, వెనక రెండు. పాపం, ఆ దేశంలో ఇస్త్రీ చేసేవాళ్లు సరిగా లేరేమో అనుకుని, గంటసేపు నిలబడి ఆ ఏడు మడతలూ చదును చేశాను.

మూడు గంటలకు తీసుకెళ్లి ఇచ్చాను. తనాకాగారు కోటు అందుకుని చాలాసేపు చూశారు. వేలితో తట్టారు. టక్ టక్ అని తలుపు తట్టినట్టు మోగింది. ఆయన దాన్ని ముఖం దగ్గరికి తీసుకుని, మళ్లీ దించి, నాకు వంగి నమస్కారం పెట్టారు. తమ్ముడి ముఖం మాత్రం పీనుగును చూసినట్టు అయింది.

"అక్కా! గంజి పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్ల ఇచ్చేది?"

"ఆ మడతలు యాడికి పోయినాయి?"

"తీసేసినా. గంట పట్టింది తెలుసా?"

వాడు నేలమీద కూర్చుండిపోయాడు. ఆ ఏడు మడతలకూ ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉందట. మళ్లీ నీళ్లలో ముంచితే ఐదు గంటలకు ఆరదు. భవాని నావైపు చూసి, "అమ్మా, ఇది చెడిపోతే హాలు ఇయ్యరు" అని మాత్రం అంది. అరిచి ఉంటే బాగుండేది.

ఐదు గంటలకు స్కూలు గ్రౌండులో స్టేజీ. బెంచీలు చేర్చి పలకలు పరిచి, పైన గడ్డి, దాని పైన టార్పాలిన్. చిన్నపిల్లల కోలాటం కోసం పక్కన ఏటవాలుగా పలకల దారి. స్టేజీ అంచునే కుర్చీ వేసుకుని నాయుడుగారు. తనాకాగారు నడిచి వస్తుంటే గరగర గరగర అని శబ్దం. కింద హకామా గుడిగంట మాదిరి విచ్చుకుని, కాళ్లు లోపల గంట నాలుక మాదిరి ఆడుతున్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు. బట్టలు కూర్చోలేదు. కోటు కాలరు చెవుల దాకా లేచింది. ముందు వరసలో నవ్వు మొదలైంది. నాయుడుగారు నవ్వలేదు. అది ఇంకా భయం.

అప్పుడు మునిరత్నం మీదికి ఉరికాడు. తనాకాగారు చెయ్యి ఇలా తిప్పారు.

ఫటేల్!

తమ్ముడు అవతల పడ్డాడు. నవ్వేవాళ్లు మెడలు చాపారు.

"యమ్మా! చెయ్యి తగల్నేలేదు, ఆ సద్దు సూడు!" అంది నా పక్కన రాజమ్మ.

మళ్లీ ఉరికాడు. ఫటేల్! ఈల వేశారు. నాయుడుగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఏం దెబ్బప్పా!" అన్నారు. అది దెబ్బ కాదు, గంజి పెట్టిన కోటు చెయ్యి విదిలిస్తే వచ్చే శబ్దం. ఆ సంగతి ఆ గ్రౌండులో నాకు, భవానికి, తమ్ముడికి, తనాకాగారికి తెలుసు. నలుగురమూ నోరు మూసుకున్నాం. భవాని, మిగతా పిల్లలు కూడా ఎక్కి పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు. అంతా బ్రహ్మాండంగా జరుగుతోంది. నేను రాజమ్మతో, "ఆ డ్రెస్సు ఉతికింది ఎవురనుకుంటా ఉండావు?" అని కూడా అనేశాను.

మే నెల ఎండ మీకు చెప్పాలా? తనాకాగారికి చెమట పట్టింది. చెమటకు గంజి మెత్తబడింది. గాలి అటునుంచి మా ఇంటివైపు వీస్తోంది. మా ఎనుము గౌరికి రోజూ ఐదు గంటలకు గంజి కలిపిన కుడితి పడాలి. ఆ రోజు పడలేదు. ఎందుకు పడలేదో మీకు తెలుసు.

జనం పక్కకు జరుగుతుంటే ఎవరో పెద్దమనిషి వస్తున్నారనుకున్నాను. తెంచుకున్న పలుపు ఈడ్చుకుంటూ గౌరి. కోలాటం దారి మీద నిదానంగా స్టేజీ ఎక్కి, తనాకాగారి వెనక నిలబడి, హకామా కొస నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

ఆయన అరవలేదు. పట్టి లాగలేదు. అది ఎటు లాగితే అటు ఒక అడుగు వేశారు. అది తిరిగితే తనూ తిరిగారు. ఇద్దరూ స్టేజీ మీద చక్కగా రెండు చుట్లు వేశారు. మైకులో మాట్లాడే ఆయన, "ఇప్పుడు జంతువులతో ఎట్ల పోరాడేదో చూపిస్తా ఉండారు" అన్నాడు. చప్పట్లు.

అక్కడితో ఊరుకుని ఉంటే గౌరవంగా ఉండేది. నేను ఊరుకోలేదు.

"గౌరీ! ఇడ్సవే! ఇడ్సు!" అని అరుస్తూ స్టేజీ ఎక్కాను.

నా గొంతు విని గౌరి గిర్రున తిరిగింది. దాని వెనకభాగం తగిలి నాయుడుగారు కుర్చీతో సహా స్టేజీ కిందికి పోయారు. గౌరి నోట్లో కొస ఉంది కాబట్టి తనాకాగారూ అటే పోయారు. నేను మైకు వైరు తట్టుకుని, ఇంకో పక్కకు పోయాను. మైకు నాతోనే వచ్చింది. నేను పడినప్పుడు అన్న మాట ఊరంతా వింది. అది ఇక్కడ రాయను.

తనాకాగారు భుజం మీదుగా దొర్లి, దుమ్ము లేచేలోపే లేచి నిలబడ్డారు. నన్ను ఇద్దరు లేపారు. నాయుడుగారిని నలుగురు లేపారు.

నాయుడుగారు నడుము పట్టుకుని, "ఆ ఎనుము ఎవురిది? ఆయప్ప బట్టలు ఎందుకు నమిలింది?" అన్నారు.

అందరూ నావైపు చూశారు. భవాని నేలవైపు చూసింది. ఊళ్లో అందరి తప్పులూ నా దగ్గర ఉన్నాయి, కానీ నా తప్పు చెప్పడానికి నోరు రాలేదు. గంజి పెట్టానని చెబితే, ఆ ఫటేల్ శబ్దాలన్నీ ఉత్త గంజి శబ్దాలని తెలిసిపోతుంది. హాలు పోతుంది. పిల్ల మళ్లీ ఏడ్చే పిల్ల అవుతుంది.

తనాకాగారు కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని మెల్లగా ఏదో చెప్పారు. మునిరత్నం విని, మైకు తీసుకున్నాడు.

"మా అక్క ఈయన బట్టలకి అన్నం గంజి పెట్టింది. దానికే ఎనుము వచ్చింది. ఈయన చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా ఇట్లనే అన్నం గంజే పెట్టేదంట. ఆయమ్మ పోయి నలభై ఏండ్లు అయిందంట. ఈపొద్దు కోటు చేతికిస్తే అదే వాసన వచ్చిందంట. అందుకే ఒక్క మాట అనకుండా తొడుక్కున్నానని చెప్తా ఉండారు."

ఆయన నావైపు తిరిగి, అంతమందిలో, నడుము దాకా వంగారు. హకామాలో ఒక మూల లేదు. అలాగే వంగారు.

ఏం అనాలో నాకు తోచలేదు. నాకు మాట తోచకపోవడం మా ఊళ్లో అదే మొదటిసారి అని తర్వాత రాజమ్మ చెప్పింది, ఇప్పటికీ చెబుతూనే ఉంది. చెప్పనీ. ఆ ఒక్క విషయంలో రాజమ్మ మీద నాకు కోపం లేదు. ఆయన చూపు వేరేగా ఉండి ఉంటే, ఒక్కసారి ముఖం చిట్లించి ఉంటే, నేను మా ఊళ్లో ఎవరింటికీ వెళ్లి కూర్చోలేకపోయేదాన్ని. మరుసటి రోజు బస్సెక్కేటప్పుడు సీసాలో ఆవకాయ పెట్టి ఇచ్చాను. చేతికి అందింది అదే. ఆయన దాన్ని టాపు మీద వేయనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

నాయుడుగారు వారం మంచం దిగలేదు. హాలు సంగతి అడగడానికి మాకు ముఖం లేదు. ఎనిమిదో రోజు ఆయనే మునిరత్నాన్ని పిలిపించారు. నేనూ వెనకాలే వెళ్లాను, పిలవకపోయినా.

"ఆ జపానాయన వయసెంతప్పా?"

"డెబ్బై రెండు సార్."

"నాకంటే నాలుగేండ్లు పెద్ద." ఆయన నడుము పట్టుకుని పక్కకు తిరిగారు. "ఇద్దరం ఒకే తూరి పడినాం" అన్నారు. తలగడ కింది నుంచి తాళం తీసి ఇచ్చారు.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు హాలు తెరిచాం. ఏడుగురు ఆడపిల్లలు వచ్చారు. ఏదో ఒకటి నేర్చుకుందామని నేనూ వెళ్లాను. చేతికర్ర పట్టుకుని నాయుడుగారు కూడా వచ్చి వరసలో చివర నిలబడ్డారు.

ఏడాది తిరిగాక మద్రాసు నుంచి పరీక్ష పెట్టేవాళ్లు వచ్చారు. పిల్లలు ఏడుగురికీ పసుపు బెల్టు వచ్చింది. నాయుడుగారికీ వచ్చింది. నేను తప్పాను.